గుర్తుపట్టుట, గుర్తెరుగుట

పూర్వము చెరకు తోటలుండిన చోట్ల నేడు మన ద్వీపమున కొత్త పట్టణములు లేచుచున్నవి. 2015లో మారిషస్ ప్రభుత్వము స్మార్ట్ సిటీ పథకమును ప్రకటించిన తరువాత మోకా, మెదీన్, బో ప్లాన్ మొదలగు తావులలో, చక్కెర కంపెనీల భూముల మీద, ఇండ్లు, కార్యాలయములు, విద్యాలయములు, అంగళ్లు ఒక్కచోట వెలసినవి. మన ముత్తాతలు కొడవళ్లు పట్టి నడచిన నేలలో నేడు కాంతిని మోయు గాజు తీగలను పరచుచున్నారు. ఇది చూచి సంతోషించుట సహజము. అయితే ఈ మార్పు మనలను ఒక ప్రశ్నయు అడుగుచున్నది. ఆ ప్రశ్నను పాఠక సోదర సోదరీమణుల ముందుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

‘స్మార్ట్’ అను మాట చుట్టును ఎంత ఆర్భాటమున్నను, దాని పని మూడు క్రియలలో ఇమిడియున్నది: కొలుచుట, కలుపుట, తేల్చుట. నీటి గొట్టములో, వీధి దీపములో, రహదారి స్తంభము మీద, ఇంటిలో, తుదకు మనిషి మణికట్టు మీద కొలత పరికరముల నుంచుదురు. ఆ కొలతలను తీగల ద్వారాను, తీగలు లేకయు ఒక కేంద్రమునకు చేర్తురు. అక్కడ కంప్యూటరు వాటిని పరిశీలించి, ఇచట గొట్టము పగిలినది, అచట వాన ముంచుకొని వచ్చుచున్నది, ఈ ముఖము ఫలానా వానిది అని తేల్చును. ఈ విధముగా కూర్చబడిన ఊళ్లను అనుసంధానము పొందిన సమాజములని పరిశోధకులు పిలుచుచున్నారు. మన ప్రశ్న ఇదియే. అనుసంధానము పొందినంత మాత్రమున జనము సమాజమగునా?

ఇందుకు మన భాషయే ఒక త్రోవ చూపుచున్నది. తెలుగులో ‘గుర్తుపట్టుట’ అని ఒక మాట కలదు. ‘గుర్తెరుగుట’ అని మరియొక మాట కలదు. వేయి ముఖములలో ఒక ముఖమును ఫలానా వానిదని చెప్పగలుగుట గుర్తుపట్టుట. దానికి కన్ను చాలును; నేడు యంత్రపు కన్నైనను చాలును. ఆ మనిషి ఎవరు, అతని మంచిచెడ్డ లేమి, అతని యెడల మన విధి యేమి అని తెలిసి మసలుకొనుట గుర్తెరుగుట. మొదటి దానివలన తెలిసినవానికి బలము పెరుగును. రెండవ దానివలన తెలిసినవానికి బాధ్యత పెరుగును.

ఈ భేదమును మన పూర్వులు పుస్తకములలో చదువుకొనలేదు. తమ బ్రదుకులలో అనుభవించిరి. 1835 ఫిబ్రవరి 1న ఈ ద్వీపమున బానిసత్వము రద్దయినది. దానికి కొలది నెలల ముందు, 1834 నవంబరు 2న, 36 మంది ఒప్పంద కూలీలతో ‘అట్లాస్’ ఓడ పోర్ట్ లూయీ రేవునకు చేరినది. కోరంగి రేవు నుండి ‘కోరింగా పాకెట్’ అను ఓడ 1843లో తెలుగువారిని తెచ్చినది. ఆ రేవు పేరుననే ఇచ్చట మనవారిని కోరంగీలని పిలిచిరి. దిగిన ప్రతి మనిషికిని ఒక సంఖ్య నిచ్చిరి. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, ఒంటి మీది మచ్చ, స్వస్థలము, ఓడ పేరు పెద్ద పెద్ద పుస్తకములలో వ్రాసికొనిరి. గుమాస్తా చెవికి సోకినట్లు పేర్లు మారినవి. అసలు ఇంటిపేరు మరుగుపడి, తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరుగా నిలిచిపోయినది. కొలుచుట, కలుపుట, తేల్చుట అను మూడు క్రియలును ఆనాడే ఉన్నవి. కంప్యూటరు మాత్రము లేదు.

1867 నాటి కార్మిక చట్టము ఈ పద్ధతిని మరింత బిగించినది. ఐదేండ్ల ఒప్పందమును పూర్తి చేసికొన్నవారిని ‘పాత వలసదారులు’ అనెడివారు. వారు తమ ఛాయాచిత్రము అతికించిన చీటీని వెంట ఉంచుకొనవలెను. ఒక జిల్లాలో నివసించువాడు మరియొక జిల్లాకు పోవలెనన్న పోలీసు అనుమతి చూపవలెను. చూపలేనివానిని దేశదిమ్మరియను నేరము మోపి పట్టుకొనిపోయెడివారు. ఆ చీటీ చూచిన పోలీసువాడు మనిషిని పొరపాటు లేకుండ గుర్తుపట్టెను. కాని ఆ మనిషి ఐదేండ్లు చెమటోడ్చి మాట నిలుపుకొన్నవాడని, ఇంటివద్ద వానికొరకు ఎదురుచూచువారున్నారని గుర్తెరుగలేదు. గుర్తెరుగ నక్కరయు ఆ చట్టమునకు లేకపోయెను.

1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను ఎస్టేటు నిర్వాహకుని తోడ్పాటుతో 9,401 మంది పాత వలసదారులు గవర్నరునకు అర్జీ పెట్టుకొనిరి. 1872లో బ్రిటిషు ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము వచ్చినది. 1875లో దాని నివేదిక వెలువడినది. 1878లో కొత్త కార్మిక చట్టము వచ్చినది. ఇచట రెండు విధములైన సంఖ్యలను గమనింపుడు. ఓడ దిగినప్పుడు ఇచ్చిన సంఖ్య ఒక్కొక్క మనిషిని వేరుచేసి పట్టుకొనుటకై పైవారు వేసినది. 9,401 అను సంఖ్య వారంతట వారు ఒకరితో ఒకరు చేరి, ఒకరి కష్టము నొకరు తమదిగా నెంచి కూర్చుకొన్నది. మొదటిదానివలన పట్టిక యేర్పడినది. రెండవదానివలన సమాజము లేచి నిలిచినది.

అంతమాత్రమున వ్రాతపనినంతయు నిందించుట న్యాయము కాదు. అవే వలస పుస్తకములను నేడు మోకాలో 1970లో నెలకొన్న మహాత్మా గాంధీ సంస్థ భద్రపరచుచున్నది. మనలో పలువురు అచటికి పోయి, తమ ముత్తాత ఏ యేట, ఏ ఓడలో, ఏ జిల్లానుండి వచ్చెనో తెలిసికొనుచున్నారు. కొందరికి ఆయన ముఖచిత్రము కూడ లభించుచున్నది. తాను కన్నెత్తియైన చూడని పెద్దాయన కనుబొమలు తన కుమారుని కనుబొమలవలె నుండుట చూచి కన్నీరు పెట్టినవారు కలరు. అదుపు కొరకు ఇచ్చిన సంఖ్య అనుబంధమునకు దారమైనది. 1849లో కట్టిన వలస కేంద్రము, మనము ఆప్రవాసీ ఘాట్ అని పిలుచు ఆ మెట్ల చోటు, 2006లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలమైనది. కాగితము అదియే, అందలి అక్షరములు అవియే. మారినదేమి? నాడు ఆ పుస్తకమును తెరచు హక్కు అందు పేరున్నవానికి లేదు. నేడు వాని వంశీయునికి కలదు. నాడది పట్టుకొనుటకు, నేడు కలిసికొనుటకు. కావున మంచిచెడ్డలు సమాచారములో లేవు. అది ఎవరి చేతిలో నున్నది, ఏ పనికి వినియోగపడుచున్నది, అందు పేరున్నవాడు దానిని చూచి ప్రశ్నింపగలడా అనువానిలో నున్నవి.

ఈ మాటలు పాతకాలమునకే చెందినవని భావింపరాదు. 2013లో మన దేశమున కొత్త జాతీయ గుర్తింపు కార్డు వచ్చినది. అది పొందుటకు పౌరుడు వ్రేలిముద్ర లీయవలసి వచ్చెను. ఆ ముద్రలను ఒక భాండారమున నిలువచేయుటయు ఆ యేర్పాటులో భాగము. కొందరు పౌరులు న్యాయస్థానమునకు పోయిరి. ముద్రలు తీసికొనుట సమర్థనీయమేగాని, వానిని భాండారమున నిలువయుంచుట సమర్థనీయము కాదని 2015 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ముద్రలు తీసికొనుటను ఆక్షేపించిన అప్పీలును 2016లో ప్రీవీ కౌన్సిలు కొట్టివేసినది. 2021లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ, కార్డులోని ముద్రల భద్రతకు చాలినన్ని హామీలు లేవనియు, పౌరుని గోప్యతకు భంగము కలిగినదనియు అభిప్రాయపడినది. ఇక ‘సేఫ్ సిటీ’ పథకము క్రింద రహదారుల మీదను, కూడళ్ల యందును సుమారు 4,000 కెమేరాలను అమర్చు పని జరిగినది. దొంగలను పట్టుటకును, ప్రమాదములను తెలిసికొనుటకును అవి ఉపకరించునని చెప్పిరి. ఉపకరించును కూడ. అయినను ఆ కన్ను మనలను చూచునప్పుడు ఆ కన్ను వెనుక నున్నవారెవరో మనకు కనబడరు.

ఇచట ఒకరు అడుగవచ్చును: “తప్పు చేయనివానికి భయమెందుకు?” ఈ మాట వినుటకు సరిగానే యుండును. కాని మన చరిత్ర యెరిగినవాడు దీనిని అంత సులభముగ అంగీకరింపలేడు. 1867 తరువాత చీటీ లేదని పట్టుబడినవారు చేసిన తప్పేమి? ఒప్పందమును పూర్తి చేసి తన కాళ్లపై తాను నిలువగోరుటయే ఆనాడు అనుమానాస్పదమైనది. తప్పు అనునది ఏమిటో నిర్ణయించువాడు మారినప్పుడు, నిన్న నిర్దోషముగ నున్న పట్టిక నేడు ఉచ్చుగా మారును. పట్టిక తయారుచేసినవారి మనసు మంచిదై యుండవచ్చును. దాని నందుకొను రేపటివారి మనసు ఎవరెరుగుదురు?

మరియొకరు, ముఖ్యముగ యువజనులు, దీనికి ప్రతిగా ఇట్లు అడుగవచ్చును: “మీ పాతకాలపు ఎస్టేటు కాంపులలో ఒకరి సంగతులొకరికి తెలియలేదా? ఆ కన్నుల బాధ తక్కువదా?” ఇది న్యాయమైన ప్రశ్న. పొయ్యి రాజలేదని తెలిసి పొరుగింటి అత్త గంజి తెచ్చుట నిజము. అదే అత్త నోట, ఫలానా పిల్ల ఎవరితోనో మాటలాడెనను వార్త సాయంత్రమునకు కాంపంతయు ప్రాకుటయు నిజము. వితంతువును, కులము మీరి పెండ్లాడినవానిని, మందిరమునకు రానివానిని ఆ కన్నులు వేధించినవి. అందుచేత కొందరికి పట్టణమున ఎవరికిని తెలియకుండ బ్రదుకుటయే స్వాతంత్ర్యముగ తోచెను. కనుక పాత కాంపును స్వర్గముగ వర్ణించుట నా అభిమతము కాదు. నేను చెప్పదలచినదేమనగా, ఆ అత్త మనలను చూచినప్పుడు మనమును ఆమెను చూచితిమి. ఆమె మాట జారినచో మరునాడు నీటి కుళాయివద్ద ఆమెను నిలదీయగలిగితిమి. తెలిసికొనుట రెండు వైపుల నుండెను. యంత్రపు కన్ను విషయమున అది ఒక వైపుననే యున్నది. పాతదాని లోపము దయ కొరవడుట. కొత్తదాని లోపము జవాబు కొరవడుట. పాతదానియందలి వేధింపును విడిచి, దానియందలి జవాబుదారీని మనము నిలుపుకొనవలెను.

ఇట్లని యంత్రమును కాలదన్నవలెననియు కాదు. 2013 మార్చి 30న పోర్ట్ లూయీలో ఆకస్మికముగ వచ్చిన వరదలో 11 మంది ప్రాణములు కోల్పోయిరి. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను నాడు రాజధాని వీధులలో నీరు నదివలె ప్రవహించి, కార్లు కొట్టుకొనిపోయినవి. పనులకు వచ్చిన జనము నడుమ చిక్కుకొనిరి. కాలువలో నీటిమట్టమును క్షణక్షణము కొలిచి చెప్పు పరికరము ఇటువంటి వేళ దేవుడిచ్చిన వరము. కాని కొలత హెచ్చరికగా మారవలెను. హెచ్చరిక సకాలమున ప్రతి యింటికిని, ఆ యింటివారికి తెలిసిన భాషలో చేరవలెను. చేరిన తరువాత మంచము దిగలేని ముసలమ్మను ఎత్తుకొని మెట్లెక్కుటకు ఒక మనిషి కావలెను. మొదటి పని యంత్రము చేయును. చివరి పని పొరుగువాడే చేయవలెను. నడుమ నొక్క లంకె తెగినను మొదటి పని వ్యర్థమగును.

ఆరోగ్య విషయమునను ఇంతియే. మన దేశమున పెద్దవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి మధుమేహమున్నట్లు 2021 నాటి ఆరోగ్య సర్వే తెలిపినది. మాటిమాటికి వ్రేలిని సూదితో పొడువకుండనే చక్కెర మట్టమును చూపు పరికరములు నేడు వచ్చినవి. పిల్లలు ఇంగ్లండుకో, ఫ్రాన్సుకో, ఆస్ట్రేలియాకో పోగా ఒంటరిగ నున్న తండ్రి యింటిలో, ఆయన నడక ఆగినచో కూతురి ఫోనునకు కబురు పంపు పరికరములును ఉన్నవి. ఆ కబురు కొన్ని క్షణములలో సముద్రములు దాటును. కాని కూతురు క్షణములో రాలేదు. ఆమె ఎవరికి ఫోను చేయవలెను? ప్రక్కింటివారి పేరు ఆమెకు తెలియునా? ఆ ప్రక్కింటివారు ఆయన తలుపు తట్టి ఎన్నాళ్లైనది? పరికరమున్నది కదాయని మనము పోవుట మానినచో, ఆ పరికరము మన ప్రేమకు సాయమగుటకు మారు, మన నిర్లక్ష్యమునకు సాకు అగును. ఈ ప్రమాదము కెమేరా ప్రమాదము కంటె చిన్నది కాదు. ఎందుకనగా దానిని మనమీద ఎవరును రుద్దరు. మనకు మనమే కొనితెచ్చుకొందుము.

కావున కొత్త యంత్రమేదైనను మన ఊరికి వచ్చినప్పుడు మనము మూడు ప్రశ్న లడుగవలెను. మొదటిది: ఇది నన్ను గురించి తెలిసికొన్నదానిని నేను చూడగలనా, తప్పున్న దిద్దింపగలనా? 2018 నుండి అమలులో నున్న మన సమాచార రక్షణ చట్టము, కొన్ని మినహాయింపులతో, ఈ హక్కును పౌరునికి ఇచ్చుచున్నది. ఉన్న హక్కును వాడుకొనని జాతికి అది పెట్టెలోని పట్టుచీరవంటిది. రెండవది: ఇది తెలిసికొన్నందున నాకు మేలు చేయు బాధ్యత ఎవరికైన కలుగుచున్నదా, లేక నా మీద అధికారము మాత్రమే కలుగుచున్నదా? మూడవది: దీనిని ఒకరు ఆపివేసిననాడు మాలో ఒకరి సంగతి ఒకరికి తెలియునా?

ఈ మూడవ ప్రశ్న ఊహాజనితము కాదు. 2024 నవంబరు 1న, ఎన్నికలకు కొలది దినముల ముందు, రహస్యముగ రికార్డు చేసిన టెలిఫోను సంభాషణలు బయటపడుచుండగా, సామాజిక మాధ్యమములను నిలిపివేయుమని మన దేశమున ఉత్తర్వు వెలువడినది. విమర్శలు చెలరేగగా దానిని మరునాడే ఉపసంహరించిరి. అందలి రాజకీయముల జోలికి ఈ వ్యాసము పోదు. ఆ ఒక్క దినమునుండి మనము నేర్వవలసినది వేరొకటి. కలుపు చేతికి విడదీయు శక్తియు కలదు. చేతిలోని ఫోను మూగపోయిన క్షణమున, మన బంధుమిత్రుల యిండ్లకు దారి మన కాళ్లకు తెలిసియుండవలెను.

ఈ ప్రశ్నలను ప్రభుత్వమునకును కంపెనీలకును వేసి మనము ఊరకుండరాదు. మన సభలు, మందిరములు కూడ నేడు సభ్యుల పేర్లు, ఫోను సంఖ్యలు, పిల్లల ఛాయాచిత్రములు కంప్యూటరులలో నుంచుచున్నవి. ఉగాదికి శుభాకాంక్షలు ఒక్క నొక్కుతో నాలుగువందల మందికి పోవుచున్నవి. మంచిదే. ఆ నాలుగువందల మందిలో ఈ యేడు ఎవరింట చావు జరిగినది, ఎవరి కుమారుడు పని పోగొట్టుకొన్నాడు, ఎవరు సభకు రావుట మానిరి, ఎందుకు మానిరి? ఈ సంగతులు కార్యదర్శి పట్టికలో నుండవు, ఉండనక్కరయు లేదు. తలుపు తట్టి తెలిసికొనవలసిన సంగతులను పట్టికలో వ్రాసినంతనే వాని రుచి చెడును. ప్రతి శాఖలోను నలుగురైదుగురు యువకులు, యువతులు తమ వీధిలోని ఒంటరి వృద్ధుల యిండ్లకు వారమున కొకసారి పోవు నియమము పెట్టుకొన్నచో, వారి చేతిలోని ఫోనులు నిజముగ తెలివిగల పరికరములగును. మరియు సభ్యుల వివరములు ఎవరి చేతిలో నున్నవో, ఎందుకున్నవో, సభ వారందరికిని చెప్పవలెను. ఇతరులనుండి మనము కోరు జవాబుదారీని ముందుగ మనయింట పాటించుట ధర్మము.

చివరిగా ఒక మాట. 2002 నుండి సముద్రగర్భమున ‘సేఫ్’ అను పేరుగల తీగ ఒకటి పనిచేయుచున్నది. దక్షిణాఫ్రికాలోని మ్తున్‌జినీ, రీయూనియన్, మన మారిషస్, భారతదేశమున కొచ్చి, మలేషియాలో పెనాంగ్, ఇవి దాని మజిలీలలో కొన్ని. ఈ జాబితాను చదివినప్పుడు మనవారికి తెలియకుండనే గుండె కదలును. తీగ వేసినవారికి ఆ తలంపు లేకపోయినను, చెరకు, రబ్బరు తోటల కొరకు ఓడలు మనవారిని చెదరగొట్టిన తీరములను కొన్నింటిని అది మరల ఒకటిగ కట్టినది. నాతాలు తోటలకు పోయిన అన్న మనుమలును, మలయా తోటలకు పోయిన తమ్ముని మనుమలును, మన మనుమలును నేడు ఒకరినొకరు చూచుచు మాటలాడుకొనగలరు. ఆనాటి తల్లులు దీనికొరకు ఏమి ఇయ్యకుందురు!

తీగ తన పని తాను చేసినది. దాని కొన యందున్న ముఖమును గుర్తుపట్టుట ఇక యంత్రములకు సులభము. ఆ ముఖము మనకేమి కావలెనో, దానికి మనమేమి చేయవలెనో గుర్తెరిగి నడచుకొనుట మాత్రము మన వంతుగ మిగిలియున్నది. చీటీలు మోసిన మన పెద్దలు ఒకరినొకరు గుర్తెరిగి నిలిచినందుననే మనము నేడు ఇచట తెలుగువారమని చెప్పుకొనుచున్నాము. మన పిల్లలును అట్లే నిలుతురు గాక.